నాన్నకు స్పైనల్ స్టెనోసిస్ అన్నారు, ఆపరేషన్ తప్పదా?

ఎమ్మారై ఒక్కటే చూసి తప్పదంటే నమ్మకండి. మా అమ్మకూ ఇదే జబ్బు, వెన్నులో నరాల దారి ఇరుకైపోవడం. దాని గురించి ఆ రిపోర్టు కంటే ఎర్రగడ్డ రైతుబజారే ఎక్కువ చెప్పింది.

గేటు నుంచి ఆకుకూరల దాకా వెళ్లేలోపే అమ్మకు పిక్కలు బరువెక్కి, కాళ్లు తిమ్మిర్లు పట్టేవి. ఓ ఆదివారం ఉల్లిగడ్డల బస్తా మీద కూలబడింది. "కూసో పెద్దమ్మా, ఏమైతది" అని ఉల్లిగడ్డలు అమ్మే ఆవిడ తక్కెడ పక్కకు జరిపింది. అమ్మ ముందుకు వంగి రెండు నిమిషాలు కూర్చుందో లేదో, లేచి తోటకూర బేరం మొదలుపెట్టింది. అదే మనిషి సూపర్‌మార్కెట్‌లో ట్రాలీ పట్టుకుంటే గంటసేపు తిరుగుతుంది! నాటకాలాడుతోందని కోపం కూడా వచ్చింది నాకు. ట్రాలీ మీద వంగితే వెన్నులో నరాల దారి కాస్త వెడల్పవుతుందని, నిటారుగా ఉంటే ఇరుకవుతుందని తర్వాత తెలిసింది. కూర్చోకుండా ఊరికే నిలబడినా తగ్గిపోతుంటే మాత్రం కాళ్ల రక్తనాళాలు కూడా చూపించండి.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో ఎల్4-ఎల్5 (నడుం కింది పూసలు) దగ్గర ఇరుకుందని ఫిల్ము చూసి, పూసల్ని కలిపి బిగించే రాడ్లు, స్క్రూలు వేయాలన్నారు. అమ్మను నాలుగడుగులు నడిపించలేదు కానీ, ఇన్సూరెన్స్ ఎంతుందో రెండుసార్లు అడిగారు. రెండో డాక్టరుగారు కారిడార్‌లో నడిపించి చూసి, ఫిజియోథెరపీ రాశారు. మోకాళ్లు ఛాతీకి తెచ్చుకునే వ్యాయామం, కదలని సైకిలు. నరాల నొప్పికిచ్చే గాబాపెంటిన్ మాత్రలతో కళ్లు తిరుగుతుంటే డాక్టర్ని అడిగి ఆపాం. వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ రెండు నెలలు హాయినిచ్చింది, తర్వాత మళ్లీ మామూలే.

ఏడాదిన్నరకు వీధి చివర గుడికి కూడా పోలేని స్థితి వచ్చాకే లామినెక్టమీ చేయించాం. నరాలను నొక్కే ఎముక తీసేయడమే, స్క్రూల్లేవు. పూస జారలేదు కాబట్టి అవసరం లేదన్నారు. 2016లో వచ్చిన స్వీడన్ అధ్యయనంలో కూడా స్క్రూలు కలిపినందుకు అదనపు మేలేమీ కనిపించలేదు. అమ్మకు కాళ్ల బాధ పోయింది, నడుం నొప్పి కొంత మిగిలింది.

మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం వాలిపోయినా నా కథలు చదువుతూ కూర్చోకండి, అదే రోజు ఎమర్జెన్సీకి పరుగెత్తండి.

ఇక రోజూ నడవమన్నారు. ఎక్కడ నడవాలి? మా ఫుట్‌పాత్ మీద ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఆరు బైకులు, మిర్చిబజ్జీల బండి. అందుకే ఇప్పటికీ సూపర్‌మార్కెట్‌కే తీసుకెళ్తున్నా. ఖాళీ ట్రాలీతో వాకింగ్ మొదలవుతుంది, రెండు వేల బిల్లుతో ముగుస్తుంది.