కేసు కొట్టేశారు సరే, కాగితమేదీ?

అన్నా, నమస్తే. నేను మిస్సోరీలోని వారెన్స్‌బర్గ్‌లో ఎమ్మెస్ చేశాను. రెండేళ్ల కిందట ఊళ్లో ఒక పెద్ద స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ చేయలేదని పట్టుకున్నారు. పోలీసులు తీసుకెళ్లి వేలిముద్రలు, ఫోటో తీసుకుని సాయంత్రానికి వదిలేశారు. లాయర్‌ని పెట్టుకున్నాను, డిస్మిస్ అయిందని మెసేజ్ పెట్టాడు. ఇప్పుడు హెచ్1బీ వచ్చింది, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్లాలి. రికార్డు సీల్ చేయించుకుంటే, అంటే జనానికి కనపడకుండా మూయించుకుంటే, ఎక్కడా చెప్పక్కర్లేదని రూమ్మేట్ అంటున్నాడు. ఆన్‌లైన్‌లో వెతికితే నా పేరే రావడం లేదు. ఇంట్లో ఎవరికీ తెలీదు. ఏం చేయమంటావు?

తమ్ముడూ, సీలింగ్ సంగతి తర్వాత. ముందు ఆ కేసు తాలూకు కాగితాలన్నిటికీ కోర్టు ముద్ర వేసిన సర్టిఫైడ్ కాపీలు నీ చేతికి రావాలి. కాన్సస్ సిటీ పక్కన ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను. నాకు తెలిసిన ఒక కుర్రాడు ఈ వరస తిరగేశాడు. ముందు రికార్డు మూయించేశాడు. తర్వాత కాన్సులేట్‌లో కోర్టు తీర్పు కాపీ తెమ్మన్నారు. కోర్టుకి ఫోన్ చేస్తే, అలాంటి కేసు గురించి ఏమీ చెప్పలేమన్నారు. తన కేసు తనకే చూపించమని మళ్లీ లాయర్‌కి డబ్బు కట్టాడు, అదీ హైదరాబాద్‌లో కూర్చుని.

మీ రూమ్మేట్ చెప్పింది సగం నిజం. ఉద్యోగాలిచ్చేవాళ్లకీ, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకీ సీలింగ్ పనికొస్తుంది. ఇమిగ్రేషన్‌కి పనికిరాదు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో ప్రశ్న ఎలా ఉంటుందో ఓసారి చదువు: క్షమాభిక్ష లాంటివి వచ్చినా సరే, ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా అని అడుగుతారు. వేలిముద్రలిచ్చావు కాబట్టి నీ జవాబు అవును. రేపు సిటిజన్‌షిప్‌కి ఎన్-400 నింపినా ఇదే ప్రశ్న వస్తుంది. రాష్ట్ర కోర్టు చెరిపేసిన శిక్ష కూడా ఇమిగ్రేషన్ లెక్కలో శిక్షేనని 1999లోనే ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తేల్చేసింది. ‘లేదు’ అని టిక్ పెట్టి దొరికిపోతే, స్టోర్‌లో రెండు వస్తువుల కంటే ఆ అబద్ధమే పెద్ద నేరమై కూర్చుంటుంది.

ఇక పేరు రావడం లేదన్నావు. ఏ జాన్సన్ కౌంటీలో వెతికావు? నవ్వొద్దు, మనవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. వారెన్స్‌బర్గ్ ఉన్నది మిస్సోరీ జాన్సన్ కౌంటీ. ఓవర్‌ల్యాండ్ పార్క్, ఒలేతా ఉన్నది కాన్సస్ జాన్సన్ కౌంటీ. రెండూ కాన్సస్ సిటీకి చెరో పక్కన ఉంటాయి, గూగుల్‌లో ముందు తేలేది కాన్సస్‌దే. నీది మిస్సోరీ కోర్టుల వెబ్‌సైట్ కేస్‌నెట్‌లో వెతకాల్సిన కేసు.

రెండోది, మన పేర్లు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒకచోట, ‘వెంకట సాయి’ అని రెండు ముక్కల పేరు ఇంకోచోట ఉంటే, పోలీసుల బుకింగ్ టేబుల్ దగ్గర వివరాలు రాసుకునేవాడు ‘సాయి’ని మిడిల్ నేమ్‌ చేసేస్తాడు, లేదా ఇంటిపేరూ పేరూ తారుమారు చేస్తాడు. అందుకే రెండు వైపులా తిప్పి, ఒక అక్షరం అటూ ఇటూ చేసి చూడు. పుట్టిన తేదీలో నెల, రోజు మారాయేమో కూడా గమనించు. సరిగ్గా వెతికినా దొరకలేదంటే మూడో కారణం ఉంది, అది మంచిదే. కేసు డిస్మిస్ అయితే మిస్సోరీ చట్టం ప్రకారం ఆ రికార్డు జనానికి మూసుకుపోతుంది. నీకు మాత్రం తెరిచే ఉంటుంది. కాబట్టి ఫోన్ చేసి లాభం లేదు, పాస్‌పోర్ట్ పట్టుకుని కోర్టు రికార్డులు చూసే సర్క్యూట్ క్లర్క్ ఆఫీసుకి వెళ్లాలి.

వారెన్స్‌బర్గ్ కోర్టు ముందు పచ్చికలో కుక్క విగ్రహం చూసే ఉంటావు. ఓల్డ్ డ్రమ్. 1870లో ఆ కుక్కని చంపినందుకు నడిచిన కేసులో జార్జ్ వెస్ట్ అనే లాయరు చేసిన వాదన ఇప్పటికీ చెప్పుకుంటారు. కుక్క కేసే నూట యాభై ఏళ్లుగా మరుగున పడలేదు, మనదెక్కడ పడుతుంది అనుకుంటూ నేను ఒక కుర్రాడిని వెంటబెట్టుకుని ఆ మెట్లెక్కాను. చిన్న కౌంటీలో ఒక సుఖం ఉంది. లైను ఉండదు, కిటికీ వెనకున్నావిడ మాట్లాడుతుంది. ‘డిస్మిస్ అయింది’ అన్న ముక్క ఒక్కటే అడగొద్దు. ఛార్జ్ పెట్టిన కాగితం, డాకెట్ షీట్ (కేసులో ఏ రోజు ఏం జరిగిందో రాసే పట్టీ), చివరి ఆర్డర్, మూడూ అడుగు. ఒక్కోదానికి నాలుగేసి సర్టిఫైడ్ కాపీలు తీసుకో. పోలీస్ రిపోర్ట్ కోర్టులో దొరకదు, అరెస్ట్ చేసినవాళ్ల దగ్గరే అడగాలి. వాళ్లు సిటీ పోలీసులా, షెరిఫా, క్యాంపస్ పోలీసులా అన్నది నీ బెయిల్ కాగితం మీద ఉంటుంది. సర్క్యూట్ క్లర్క్ దగ్గర అసలు కేసే లేదంటే, సిటీ ఆర్డినెన్స్ (ఊరి సొంత చట్టం) కింద మున్సిపల్ కోర్టులో నడిచిందేమో అడుగు.

కాగితాలు చేతికొచ్చాక అక్కడే బెంచీ మీద కూర్చుని డాకెట్ చదువు. లాయర్లు ‘అయిపోయింది, నీ మీద ఏమీ లేదు’ అని చెప్పే మాటల వెనక రెండు రకాల ముగింపులుంటాయి. ప్రాసిక్యూటర్ కేసు వెనక్కి తీసుకుంటే డాకెట్‌లో ‘నోలీ ప్రాసిక్వై’ అనో డిస్మిస్ అనో ఉంటుంది, దాంతో గొడవ లేదు. ‘ఎస్ఐఎస్’ (సస్పెండెడ్ ఇంపొజిషన్ ఆఫ్ సెంటెన్స్) అని ఉంటే మాత్రం ఆగు. నేరం ఒప్పుకున్నావు, జడ్జి శిక్ష వేయకుండా ప్రొబేషన్‌లో పెట్టాడు, గడువు ముగిశాక రికార్డు మూసేశారు అని దానర్థం. మిస్సోరీ దాన్ని కన్విక్షన్ కింద, అంటే నేరం రుజువైనట్టు, లెక్కపెట్టదు. ఫెడరల్ ఇమిగ్రేషన్ చట్టం లెక్కపెడుతుంది. నేరం ఒప్పుకుని, ప్రొబేషన్ లాంటిది ఏదైనా పడితే చాలు. ఏ తరగతి మిస్‌డిమీనర్ (చిన్న నేరం) అన్నది కూడా ముఖ్యమే. మిస్సోరీలో 150 డాలర్లకి లోపు దొంగతనం, మొదటిసారైతే, క్లాస్ డి, జరిమానాతో పోతుంది. క్లాస్ ఎ అయితే ఏడాది దాకా జైలు పడే వీలుంది, ఇమిగ్రేషన్‌లో ఆ ‘ఏడాది’ అన్న అంకె దగ్గరే పేచీ మొదలవుతుంది. ఎస్ఐఎస్ కనిపిస్తే టికెట్ బుక్ చేయకు, నేరుగా ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్లు. క్రిమినల్ లాయర్‌తో సరిపెట్టుకోకు.

ఎఫ్‌బీఐ దగ్గర నీ గురించి ఏముందో నువ్వే తెప్పించుకోవచ్చు. ఐడెంటిటీ హిస్టరీ సమ్మరీ అంటారు, 18 డాలర్లు, వేలిముద్రలు పంపాలి. అందులో అరెస్ట్ ఉండి, కేసు ఏమైందన్న వరస ఖాళీగా ఉండటం మామూలే. కాన్సులేట్ ఆఫీసర్‌కి కనపడేది ఆ ఖాళీ. నీ సర్టిఫైడ్ కాపీ దాన్ని నింపుతుంది. 2025 ఏప్రిల్‌లో వేలమంది స్టూడెంట్ల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల మీద ప్రభుత్వం ఉంచే రికార్డులు) రద్దయినప్పుడు, వాళ్లలో కేసు కొట్టేసినవాళ్లూ, ట్రాఫిక్ టికెట్‌తో వేలిముద్ర పడ్డవాళ్లూ ఉన్నారు. కోర్టులకెళ్లి తిరిగి తెచ్చుకున్నారు కానీ ఆ నెల నిద్రలు ఎవరిస్తారు?

ఇవన్నీ అయ్యాక సీలింగ్. మిస్సోరీలో దీన్ని ఎక్స్‌పంజ్‌మెంట్ అంటారు. అరెస్ట్ అయిన రోజు నుంచి 18 నెలలు దాటితే అరెస్ట్ రికార్డు మీద పిటిషన్ వేయవచ్చు, నీకు దాటింది. కేసు నడిచిన కౌంటీలోనే వేయాలి. పిటిషన్‌లో ఆ రికార్డు ఎవరెవరి దగ్గరుందో అందరినీ ప్రతివాదులుగా రాయాలి: పోలీసులు, ప్రాసిక్యూటర్, కోర్టు, జెఫర్సన్ సిటీలో ఉన్న హైవే పెట్రోల్ రికార్డుల విభాగం. ఒకరి పేరు మర్చిపోతే వాళ్ల దగ్గర అది అలాగే పడుంటుంది. ప్రాసిక్యూటర్‌కి అభ్యంతరం చెప్పడానికి 30 రోజులుంటాయి. అందుకే స్టాంపింగ్ ముందు హడావిడిగా మొదలుపెట్టకు, తిరిగొచ్చాక వేసుకో. ఆర్డర్ వచ్చాక కొన్ని నెలలాగి మళ్లీ 18 డాలర్లు కట్టి ఎఫ్‌బీఐ కాగితం తెప్పించి చూసుకో. ప్రైవేటు బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీలు పాత కాపీ పట్టుకుని తిప్పుతుంటే ఆర్డర్ జతచేసి తప్పని రాయి. ఊరి పేపర్లో పోలీసు వార్తల్లో పడి ఉంటే మాత్రం అది కోర్టు ఆర్డర్‌తో పోదు.

ఇంట్లో చెప్పాలా అన్నది నువ్వడగలేదు గానీ, మెసేజ్ చివర రాశావు కాబట్టి చెప్తున్నా. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయ్యాక వీసా ఇవ్వకుండా ఆపి ఉంచామనే 221(జి) స్లిప్ చేతిలో పెడితే నువ్వు వారాలకొద్దీ మీ ఇంట్లోనే ఉంటావు. కొరియర్ వచ్చినప్పుడల్లా మీ నాన్నగారే తలుపు తీస్తారు. నాలుగు కాపీల్లో ఒకటి ఆయన చేతిలో పెట్టి చెప్పు. మిగతా మూడూ నీ హ్యాండ్ లగేజీలో పెట్టుకో, చెక్-ఇన్‌లో వేయకు.