మూడు రూపాయల వడ్డీకి జనరేటర్ వద్దు: ముందు అత్యవసర నిధి, బీమా

ప్రశ్న: సోంపేటలో చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్ నడుపుతున్నాను. ముగ్గురు స్టాఫ్. అద్దె, జీతాలు, ఇతర ఖర్చులు కలిపి నెలకు 70 వేలు. తుఫాన్ల సీజన్ దగ్గర పడుతోంది. 15 కేవీఏ డీజిల్ జనరేటర్‌కు 4 లక్షలు చెబుతున్నారు. చేతిలో లక్ష ఉంది. మిగతా 3 లక్షలు తెలిసినవాళ్లు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? మెషిన్లకు ఆన్‌లైన్ యూపీఎస్ (కరెంటు పోయినా క్షణం కూడా ఆగనివ్వని బ్యాకప్) ఉంది. బీమా మాత్రం ఏదీ లేదు.

జవాబు: తీసుకోవద్దు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. నెలకు 9 వేలు, ఏడాదికి 1.08 లక్షలు వడ్డీకే పోతాయి, అసలు అలాగే ఉంటుంది. కరెంటు పోయినా పోకపోయినా ఆ 9 వేలు కట్టాల్సిందే. చిన్న క్లినిక్‌లు, షాపులు నడిపేవాళ్లు చాలామంది చేసే పొరపాటే ఇది. ఉన్న డబ్బంతా యంత్రం మీద పెట్టి, పైన అప్పు చేసి, రాబడి ఆగిన రోజున ఒట్టి చేతులతో మిగులుతారు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ ఉద్దానం ప్రాంతంలో స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు. మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అలాంటి వారంలో మీ ల్యాబ్‌లో లైట్లు వెలిగినా శాంపిల్ ఇచ్చేవాళ్లు రారు. డీజిల్ దొరకడమూ కష్టమే. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో బంకుల ముందు జనం ఎలా బారులు తీరారో చూశాం. జీతాలు, అద్దె మాత్రం ఆగవు. వాటిని కట్టేది జనరేటర్ కాదు, బ్యాంకులో మీరు దాచుకున్న డబ్బు.

కాబట్టి మూడు నెలల ఖర్చు, అంటే 2.1 లక్షలు, అత్యవసర నిధిగా వ్యాపారం కరెంట్ ఖాతాలో కాకుండా వేరే సేవింగ్స్ ఖాతాలో, స్వీప్ డిపాజిట్‌లో (ఖాతాలో ఎక్కువగా ఉన్న డబ్బు దానంతటదే ఎఫ్‌డీగా మారే ఏర్పాటు) ఉండాలి. వడ్డీకి కడదామనుకున్న 9 వేలే నెలనెలా అందులో వేయండి. తుఫాను వేళ టవర్లు పనిచేయవు, యూపీఐ ఆగిపోతుంది, ఏటీఎంలు ఖాళీ అవుతాయి. అందుకే ఆ నిధిలోంచి 15 వేలు నోట్ల రూపంలో ఇంట్లో ఉంచుకోండి.

ఇక మీకు నిజంగా ఎంత కరెంటు కావాలి? సెల్ కౌంటర్, అనలైజర్ కలిపి సుమారు 300 వాట్లు, కంప్యూటర్, రౌటర్ 150, నాలుగు ఎల్‌ఈడీ ట్యూబులు 80, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు 60, రీఏజెంట్ల (పరీక్షలకు వాడే రసాయనాల) ఫ్రిజ్ నడిచేటప్పుడు 150. మొత్తం 750 లోపే. సెంట్రిఫ్యూజ్ కాసేపే తిరుగుతుంది. 15 కేవీఏ అని చెప్పినవాళ్లు ఏసీలను కూడా లెక్కేసి ఉంటారు. 2 కేవీఏ ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ (మెయిన్ లైనులాంటి శుభ్రమైన కరెంటు ఇచ్చేది), 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు సుమారు 50 వేలకు వస్తాయి. కాగితం మీద 3,600 వాట్ అవర్లు, చేతికొచ్చేది 2,400 దాకా. సగటున 400 వాట్లు వాడితే ఆరు గంటలు. లేజర్ ప్రింటర్ దీనికి తగిలించకండి, వేడెక్కేటప్పుడు వెయ్యి వాట్లు దాటి లాగుతుంది. రిపోర్టులు వాట్సాప్‌లో పంపండి. వేసవి కోతల్లో ఏసీ ఉండదు కాబట్టి శాంపిళ్లు ఉదయాన్నే నడిపించేయండి. అంతకు మించి కావాలంటే చిన్న 3 కేవీఏ జనరేటర్, అదీ నిధి నిండాక, ఛేంజోవర్ స్విచ్‌తో (లైను కరెంటు, జనరేటర్ కరెంటు కలవకుండా మార్చే స్విచ్), గది బయట పెట్టి.

కరెంటు తిరిగి వచ్చే క్షణమే ఎక్కువ ప్రమాదం. గాలివానకు న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజ్ లైనులో 230 ఉండాల్సింది 400 వోల్టుల దాకా వెళ్లొచ్చు. వోల్టేజ్ హద్దు దాటితే కరెంటు ఆపేసే ఓవర్ వోల్టేజ్ కటాఫ్ పెట్టించండి. కరెంటు రాగానే అన్నీ ఒకేసారి ఆన్ చేయకండి.

అసలు నన్ను కలవరపెట్టింది బీమా ఏదీ లేదన్న మీ ఆఖరి వాక్యం. చిన్న వ్యాపారాల ఆస్తికి ఇచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ తుఫాను, వరద నష్టాలకు వర్తిస్తుంది. కానీ షార్ట్ సర్క్యూట్‌తో, హెచ్చు వోల్టేజ్‌తో మెషిన్ దానంతటది కాలిపోతే ఆ పాలసీ ఇవ్వదు, దానికి ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ వేరే తీసుకోవాలి. ఫ్రిజ్ ఆగి కిట్లు పాడైతే వచ్చే నష్టం కూడా మామూలు పాలసీలో ఉంటుందనుకోకండి, విడిగా అడిగి రాయించుకోండి. విలువ తగ్గించి చూపకండి. 12 లక్షల సామానుకు 6 లక్షల బీమా చేస్తే, 4 లక్షల నష్టానికి సుమారు 2 లక్షలే ఇస్తారు. అనలైజర్‌ను రీఏజెంట్ రెంటల్ మీద (రీఏజెంట్లు కొంటామన్న ఒప్పందంతో కంపెనీ మెషిన్ ఇచ్చే పద్ధతి) తెచ్చుకుని ఉంటే ఒప్పందం తీసి చదవండి. మెషిన్ కంపెనీదే అయినా, పాడైతే భరించేది మీరేనని అందులో రాసి ఉండొచ్చు.

చేతిలోని లక్షలో 50 వేలు ఇన్వర్టర్‌కు, మరికొంత బీమా ప్రీమియాలకు పోగా మిగిలింది నిధికి మొదటి డబ్బు. బంగారం తాకట్టు, ముద్ర రుణం మూడు రూపాయల వడ్డీ కంటే చవకే, ఇప్పుడు మాత్రం వాటి అవసరమూ మీకు లేదు. తుఫాను హెచ్చరిక వచ్చాక కొత్త పాలసీ ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయి, కాబట్టి ఈ వారమే తీసుకోండి. ప్రతి మెషిన్ సీరియల్ నంబరు కనబడేలా ఫోటో తీసి, బిల్లులతో పాటు ఈమెయిల్‌లో దాచుకోండి.