నరం లోతు సంగతి తర్వాత, ముందు ఆ చలి వణుకు చూపించండి

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మకు 54 ఏళ్లు, బరువు 102 కిలోలు, చాలాకాలంగా షుగర్. డయాలసిస్ కోసం నాలుగు నెలల కింద ఎడమ మోచేతి పైన ఫిస్టులా (చేతి నరాన్ని, అంటే సిరను, ధమనికి కలపడం) వేశారు. నరం బాగానే పెరిగిందట కానీ కొవ్వు కింద లోతుగా ఉండి సూది సరిగా పడటం లేదు. రెండుసార్లు చెయ్యి వాచి కమిలిపోయింది. అందుకే మెడ దగ్గర పైపుతోనే నడిపిస్తున్నారు. నరాన్ని పైకి తెచ్చే ఆపరేషన్ చేయాలంటున్నారు. బరువు తగ్గితే అదే పైకి రాదా? ఈ మధ్య డయాలసిస్ మధ్యలో చలితో వణుకుతోంది. డోలో, ఇంట్లో మిగిలిన యాంటీబయోటిక్ వేస్తే తగ్గింది.
- ఓ పాఠకురాలు

జవాబు: మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పిన చలి వణుకే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. మెడలో పైపు ఉన్నవారికి డయాలసిస్ మధ్యలో వణుకు వస్తే, కాదని తేలేదాకా పైపు ఇన్ఫెక్షన్ అనే అనుకోవాలి. అది రక్తంలోకి ఎక్కి గుండె కవాటాలకో వెన్నెముకకో పాకితే ప్రాణం మీదికి వస్తుంది. షుగర్ ఉన్నవారికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. డోలోతో జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ దిగదు. రెండు రోజులు యాంటీబయోటిక్ మింగించి ఆపేస్తే బ్లడ్ కల్చర్‌లో (రక్తంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్ష) క్రిమి దొరక్కపోవచ్చు, అప్పుడు ఏ మందు ఇవ్వాలో మాకూ తెలియదు. చదువుకున్నవాళ్లు కూడా ఈ పని చేస్తూనే ఉంటారు, ఎన్నిసార్లు చెప్పినా! వచ్చే డయాలసిస్ దాకా ఆగకండి. ఇవాళే మీ కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) దగ్గరికి తీసుకెళ్లి, వేసిన మాత్రల పేర్లన్నీ చెప్పండి. ఇన్ఫెక్షన్ ఉంటే అది తగ్గేదాకా ఆపరేషన్ సాధారణంగా వాయిదా వేస్తారు.

ఇక మీరు అడిగింది. బరువు తగ్గడం మంచిదే, కానీ దాని కోసం ఎదురుచూస్తూ పైపును నెలల తరబడి ఉంచడం మంచిది కాదు. బరువు తగ్గినా చేతి కొవ్వు ఎంత కరుగుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా డయాలసిస్‌లో ఉన్నవారు కడుపు మాడ్చుకుంటే కండ కరిగి నీరసించిపోతారు. పైపు ఎక్కువకాలం ఉంటే ఛాతీలోని పెద్ద నరాలు సన్నబడి, ఆ వైపు ఫిస్టులాకే ఎసరు పెట్టవచ్చు.

ముందు డాప్లర్ (నరంలో రక్త ప్రవాహాన్ని చూసే స్కాన్) రిపోర్టు చూడాలి. స్థూలంగా నరం వెడల్పు కనీసం 6 మిల్లీమీటర్లు, నిమిషానికి రక్త ప్రవాహం కనీసం 600 మి.లీ. ఉండి, చర్మం నుంచి లోతు 6 మిల్లీమీటర్లు మించకపోతే సూదులకు అనువు. మొదటి రెండూ బాగుండి లోతే సమస్య అయితే ఫిస్టులా పనికిరానట్టు కాదు, అందుబాటులోకి తేవాలంతే. ఒక పద్ధతిలో చర్మం కోసి, నరాన్ని పైకెత్తి, దాని కింద కొవ్వును కుట్టేస్తారు. కుట్ల మచ్చ సరిగ్గా నరం మీద పడకుండా కాస్త పక్కకు జరపడం సర్జన్ నేర్పు. ఇంకో పద్ధతిలో నరాన్ని కదపకుండా, చిన్న కోతలతో దాని మీది కొవ్వు తీసేస్తారు. కొత్త అతుకు అవసరం లేదు గానీ, అక్కడ నీరు చేరడం, గాయం ఆలస్యంగా మానడం ఉండొచ్చు. కాబట్టి షుగర్ అదుపులో ఉండాలి. నరాన్ని కోసి, చర్మం కిందే కొత్త దారిలో తెచ్చి మళ్లీ ధమనికి అతికే ఆపరేషనూ ఉంది. చేతి లోపలి వైపు బేసిలిక్ నరం ఎవరికైనా లోతుగానే ఉంటుంది కాబట్టి, దానికి ఎక్కువగా ఇదే చేస్తారు. నరమే సన్నగా ఉంటే కృత్రిమ గొట్టం (గ్రాఫ్ట్) వేస్తారు. త్వరగా వాడుకోవచ్చు, అయితే ఇన్ఫెక్షన్, గడ్డకట్టడం దానికి ఎక్కువ.

అమ్మగారిని చూడకుండా వీటిలో ఏది సరైనదో నేను చెప్పకూడదు. లోతు మరీ ఎక్కువ కాకపోతే, అల్ట్రాసౌండ్ చూస్తూ పొడవైన సూదితో గుచ్చగలిగే టెక్నీషియన్ మీ సెంటర్‌లో ఉన్నారేమో కూడా అడగండి. కమిలిన చెయ్యి పూర్తిగా తగ్గేదాకా మళ్లీ గుచ్చనివ్వకండి. ఆపరేషన్ అయితే గాయం మానడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ తర్వాత ఫిస్టులాతో కొన్ని డయాలసిస్‌లు సాఫీగా జరిగాకే మెడ పైపు తీయిస్తారు.