లస్కర్లు రిటైర్ అయ్యేలోపు

చిరంజీవి మేనల్లుడికి, కర్నూలు నుంచి మామ ఆశీస్సులు.

కర్నూలు-కడప (కేసీ) కెనాల్ మీద అసిస్టెంట్ ఇంజనీరుగా చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఈ ఏడు నీ సెక్షన్‌లో కాలువ గట్లూ షట్టర్లూ చూసుకునే లస్కర్లు ముగ్గురు రిటైర్ అవుతున్నారని, వాళ్లకు తెలిసిందంతా రాయించి పెట్టుకుంటానని ఫోన్‌లో అన్నావు. దాని గురించే ఈ ఉత్తరం.

రాయమంటే రాయలేరబ్బీ. ఒకాయనకు నేనూ నోటుబుక్కు ఇచ్చి చూశా. నెల తర్వాత "షట్టర్లకు గ్రీజు పెట్టవలెను" అని ఒక్క లైను ఉంది. ఆయన దాచిందేమీ లేదు, చేతికి తెలిసింది మాటల్లోకి రాలేదు. ఆ తర్వాత ఆయన వెంట గట్టు మీద నడిచా. ఒక తూము దగ్గర షట్టర్ దింపుతూ ఉన్నట్టుండి ఆపేశాడు. ఎందుకంటే, "రాడ్డు అదురుతాంది సార్, కింద కంప ఇరుక్కునింది" అన్నాడు. తీయిస్తే తుమ్మకంప. ఇంకో చుట్టు తిప్పుంటే రాడ్డు వంగిపోయేది.

జపాన్‌లో మత్సుషితా కంపెనీకీ ఇదే సమస్య వచ్చింది. 1980ల్లో ఇంట్లో బ్రెడ్ చేసే మిషన్ తయారుచేస్తుంటే, బ్రెడ్డు పైన మాడి లోపల పచ్చిగా ఉండేది. పిండిని ఎక్స్‌రే తీసినా అంతు చిక్కలేదు. చివరికి ఇకుకో తనాకా అనే ఉద్యోగిని ఒసాకాలో ఒక హోటల్ బ్రెడ్ మాస్టర్ దగ్గర పనికి కుదిరి, ఆయన పిండిని సాగదీస్తూ మెలితిప్పడం కనిపెట్టింది.

అందుకని ఒక్కో లస్కర్ వెంట ఒక కుర్రాణ్ణి పెట్టు. నీళ్లు వదిలిన రోజు నుంచి కాలువ కట్టేసే రోజు దాకా, సీజన్ మొత్తం. వారానికొక సాయంత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి, కుర్రాడు అడిగిన ప్రశ్నలు, పెద్దాయన చెప్పిన జవాబులు నువ్వే రాసుకో. పక్కన ఆయన పేరు వెయ్యి. తన పేరు కనిపిస్తే ఇంకా చెబుతాడు.

కారణం మాత్రం వదలొద్దు. మా రోజుల్లో ఒక రిజిస్టర్లో "ఈ షట్టర్ సగానికి మించి ఎత్తరాదు" అని ఉండేది. ఎందుకో లేదు. కొత్తగా వచ్చినాయన లెక్కచెయ్యక పూర్తిగా ఎత్తించాడు. దిగువన కల్వర్టు ఇరుకు. నీళ్లు ఎగదన్ని గట్టుకు గండి పడింది. ఆ రాత్రంతా ఇసుక బస్తాలు మోశాం.

రాసిన పుస్తకం కింది గదిలో పెట్టొద్దు. 2009 అక్టోబర్ వరదలో మా రికార్డులు తడిసి, పేజీలు అట్టకట్టుకుపోయాయి. ఫోటోలు తీసి అందరి ఫోన్లలో ఉంచు.

నీళ్లు వదిలే ముందు ఒక మాట చెప్పు. మోకాళ్లు సహకరించినంత దూరం నేనూ గట్టు మీద నడుస్తా.

మీ మామ