తాతగారికి రెండు వాక్యాలు చాలు

ప్రశ్న: డాక్టరు గారూ, నేను అమెరికాలో బయాలజీ డిగ్రీ మూడో ఏడు చదువుతున్నాను. వచ్చే వేసవిలో ఆమ్‌కాస్ (ఒకే అప్లికేషన్‌ను చాలా మెడికల్ స్కూళ్ళకు పంపే సర్వీసు) ద్వారా మెడికల్ స్కూళ్ళకు అప్లై చేయాలి. దానికి రాయాల్సిన వ్యాసాన్ని, అంటే పర్సనల్ స్టేట్‌మెంట్‌ను, మా తాతగారికి పక్షవాతం వచ్చిన రోజుతో మొదలుపెట్టాను. ఎనిమిది వేల క్యారెక్టర్లు దాటిపోయింది. నాన్న నా అవార్డులన్నీ అందులో చేర్చమంటున్నారు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి వచ్చింది, దానికి సంజాయిషీ రాయాలేమోనని టెన్షన్. శనివారాలు ఒక ఉచిత క్లినిక్‌లో బీపీ చూసి రాస్తుంటాను. అక్కడికొచ్చే ఒక పెద్దాయన డబ్బు చాలక మాత్ర సగం చేసి వేసుకుంటున్నానని నాతో అంటే డాక్టరుకు చెప్పాను. అంతకుమించి అక్కడ చేసిందేమీ లేదని ఆ సంగతి వదిలేశాను. స్నేహితులు ఏఐతో కుదించుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, నీకు కావలసిన సరుకు నీ ఉత్తరంలోనే ఉంది. దాన్నే వదిలేశానంటున్నావు.

ఆమ్‌కాస్ అడిగేది ఒక్కటే: మెడికల్ స్కూల్లో ఎందుకు చేరాలనుకుంటున్నావు? అందుకు ఖాళీలతో కలిపి 5,300 క్యారెక్టర్లు ఇస్తుంది. అడ్మిషన్ కమిటీలో ఉన్నన్నాళ్ళూ నేను ఎందరు తాతల్ని, ఎందరు అమ్మమ్మల్ని, ఎన్ని ఐసీయూ తలుపుల్ని చూశానో! ఆ బాధ నిజం కాదని ఎవరూ అనుకోరు. కానీ చదవడం పూర్తయ్యేసరికి తాతగారు బాగా తెలుస్తారు, అప్లై చేసిన పిల్ల ఎవరో తెలియదు. ఆ రోజు నువ్వు చేయగలిగింది మాత్రం ఏముంటుంది, చిన్నపిల్లవి. ఆయన్ని రెండు వాక్యాల్లో చెప్పు. నీ ఆసక్తి అక్కడ మొదలైందని తెలిస్తే చాలు.

ఇక ఆ పెద్దాయన. ఆ రోజు ఏం జరిగిందో వరసగా గుర్తు తెచ్చుకో. బీపీ ఎక్కువే ఉండి ఉంటుంది. ఆ అంకె ఒక్కటే చూస్తే ఏ డాక్టరుకైనా మందు సరిపోవడం లేదనిపిస్తుంది. డోసు పెంచుతారు, లేదా రెండో మందు కలుపుతారు. ఉన్న మాత్రకే డబ్బు చాలని మనిషి చేతిలో ఇంకో చీటీ! పెంచిన డోసు ఏ రోజైనా పూర్తిగా వేసుకుంటే బీపీ పడిపోయి కళ్ళు తిరిగే ప్రమాదమూ ఉంది. నువ్వు చెప్పిన మాట వల్ల ఆ డాక్టరు ముందున్న ప్రశ్నే మారిపోయింది. ఆ పెద్దాయన డాక్టరు దగ్గర దాచింది నీ దగ్గర ఎందుకు అన్నారు? నువ్వేం అడిగితే అది బయటికొచ్చింది? విన్నాక డాక్టరు చవక మందుకు మార్చారా, సోషల్ వర్కరు దగ్గరికి పంపారా? ఆ తర్వాత వచ్చినప్పుడు బీపీ ఎంత ఉంది? ఇవి రాయి.

అక్కడితో ఆగకు. సాయం చేయాలంటే నర్సు చేయగలదు, ఫార్మసిస్టు చేయగలడు, మరి డాక్టరే ఎందుకని మాలాంటి వాళ్ళకు అనుమానం వస్తుంది. ఆ డాక్టరు ఆలోచించిన తీరులో నీకు నచ్చిందేమిటి, ఆ కుర్చీలో నువ్వుంటే ఇంకేం తెలిసి ఉండాలనిపించింది? అది చెబితే అనుమానం తీరుతుంది. ‘చిన్నప్పటి నుంచీ సేవంటే ఇష్టం’ అన్న వాక్యం ఎక్కడున్నా కొట్టేయి. ఆ పెద్దాయన పేరు, ఊరు, ఆయన్ని గుర్తుపట్టే వివరం ఏదీ రాయొద్దు. నువ్వే కాపాడినట్టూ రాయొద్దు. ఇంటర్వ్యూలో ఈ సంగతి మీద నాలుగు ప్రశ్నలు వేస్తే గొప్పలు నిలబడవు.

సి గ్రేడు ఎలాగూ మార్కుల్లో కనిపిస్తుంది. దాని వెనక జబ్బో, ఇంట్లో కష్టమో ఉంటే ఒక వాక్యం రాయి. లేదంటే ఊసెత్తకు, తర్వాతి కోర్సుల్లో మంచి గ్రేడ్లు తెచ్చుకో.

ఆలోచనలకూ, తప్పులు దిద్దుకోవడానికీ ఏఐని వాడుకోవచ్చని ఆమ్‌కాసే అంటోంది. అయితే చివరికి పంపేది నీ సొంత రాతేనని నీ చేత ఒప్పుకోలు తీసుకుంటుంది. కుదించే పని మాత్రం నువ్వే చెయ్యి. ఏది ఉండాలి, ఏది పోవాలి అన్న విచక్షణ కోసమే మేం చదివేది. తాతగారి కథ తగ్గితేనే బరువు చాలావరకు దిగిపోతుంది.

రెండు చిన్న విషయాలు. ఇదే వ్యాసం నువ్వు అప్లై చేసే అన్ని స్కూళ్ళకూ వెళ్తుంది, కాబట్టి ఏ స్కూలు పేరూ ఎత్తకు. ఆ ముచ్చట తర్వాత ఒక్కో స్కూలు విడిగా అడిగే సెకండరీ వ్యాసాల్లో వస్తుంది. ఒకసారి సబ్మిట్ చేశాక దీన్ని మార్చడం కుదరదు.

నాన్నగారి మాటా కాదనకు. అవార్డులకు అప్లికేషన్‌లో వేరే చోటుంది. 15 ఎంట్రీల వరకు రాయొచ్చు, ఒక్కోదానికి 700 క్యారెక్టర్లు. అందులో మూడింటిని ముఖ్యమైనవిగా ఎంచుకుంటే వాటికి ఇంకో 1,325 ఇస్తారు. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎన్ని గంటలు, అడిగితే చెప్పేవాళ్ళెవరు అని ప్రతిదానికీ వివరాలు కావాలి. ఆ వివరాలు పోగుచేసే పని ఆయనకు అప్పజెప్పు. ఆయనకూ తోచుబాటుగా ఉంటుంది, నీ వ్యాసం జోలికి రాకుండా ఉంటారు.