కృష్ణ పదార్థం కూలిపోయి కృష్ణబిలం ఎందుకు కాదు?

ప్రశ్న: వాయు మేఘాలు గురుత్వాకర్షణ వల్ల కుంచించుకుపోయి నక్షత్రాలవుతాయని చదివాను. కంటికి కనబడకుండా గురుత్వాకర్షణ ద్వారానే తెలిసే కృష్ణ పదార్థానికీ (డార్క్ మ్యాటర్) అదే ఆకర్షణ ఉన్నప్పుడు, అది గెలాక్సీ కేంద్రంలోకి కూలిపోకుండా చుట్టూ ఎందుకు పరుచుకుని ఉంటుంది?

జవాబు: కుంచించుకుపోవడానికి ఆకర్షణ ఒక్కటే చాలదు, లోపలికి పడుతున్నప్పుడు పుట్టే శక్తిని వదిలించుకునే దారి కూడా ఉండాలి. వాయు మేఘంలోని కణాలు ఒకదానితో ఒకటి ఢీకొని వేడెక్కుతాయి, ఆ వేడిని కాంతిగానో పరారుణ కిరణాలుగానో వెదజల్లి చల్లబడతాయి, చల్లబడిన కొద్దీ పీడనం తగ్గి మేఘం ఇంకా దగ్గరపడుతుంది. శక్తి పోయినంత సులువుగా కోణీయ ద్రవ్యవేగం (తిరుగుడును కొనసాగించే గుణం) పోదు కనుక, పాలపుంత వంటి గెలాక్సీలలో ఆ వాయువు చివరికి పళ్లెంలా పరుచుకుని తిరుగుతుంది.

కృష్ణ పదార్థం కాంతిని వెలువరించదు కనుక దానికి ఈ దారి మూసుకుపోయింది. దాని కణం కేంద్రం వైపు పడుతూ వేగం పుంజుకుంటుంది, అడ్డేమీ లేక కేంద్రాన్ని దాటిపోతుంది, ఊయలలా అవతలి కొసకు వెళ్లి తిరిగి వస్తుంది. (మనమున్న చోట భూమి అంత ఘనపరిమాణంలో ఉండే కృష్ణ పదార్థం కిలోకు మించదని అంచనా; ఇక అడ్డు తగిలేదెక్కడ?) అలాగని కూలడం అసలే జరగదనుకోకండి. విశ్వ విస్తరణతో పాటు వ్యాపించిన కృష్ణ పదార్థపు ముద్ద ఒక దశలో ఆగి, వెనక్కి పడి, సరళమైన లెక్క ప్రకారం తన గరిష్ఠ వ్యాసార్ధంలో సుమారు సగం దగ్గర నిలదొక్కుకుంటుంది. ఆ గందరగోళంలో గురుత్వ క్షేత్రమే వేగంగా మారుతూ కణాల మధ్య శక్తిని పంచిపెడుతుందని 1967లో ఖగోళ శాస్త్రవేత్త డొనాల్డ్ లిండెన్-బెల్ నక్షత్ర వ్యవస్థల విషయంలో చూపించారు. కృష్ణ పదార్థానికీ అదే వర్తిస్తుంది.

అసలు చిక్కు కేంద్రం దగ్గర ఉంది. ఖగోళ శాస్త్రవేత్తలు నవారో, ఫ్రెంక్, వైట్ 1996లో ప్రచురించిన కంప్యూటర్ అనుకరణల ప్రకారం సాంద్రత కేంద్రానికి దగ్గరయ్యే కొద్దీ దూరానికి విలోమంగా పెరుగుతూ పోవాలి. కొన్ని మరుగుజ్జు గెలాక్సీలలో పరిశీలనలు మాత్రం కేంద్రంలో దాదాపు సమంగా ఉన్న సాంద్రతనే సూచిస్తున్నాయి. సూపర్నోవాలు (నక్షత్రాల పేలుళ్లు) వాయువును పదేపదే బయటికి నెట్టడం వల్ల ఇలా జరుగుతుందని కొందరి వాదన. అది చాలా గెలాక్సీలకు సరిపోవచ్చునని నా అభిప్రాయం. మరో వివరణగా, కృష్ణ పదార్థ కణాలు తమలో తాము ఢీకొంటాయని భౌతిక శాస్త్రవేత్తలు స్పెర్గెల్, స్టైన్‌హార్ట్ 2000లో ప్రతిపాదించారు. ఆ నమూనాలో మొదట వేడి లోపలికి ప్రవహించి కేంద్రం ఉబ్బుతుంది. చాలా కాలానికి ప్రవాహం తిరగబడి, వేడి కోల్పోయిన కేంద్రం కుంచించుకుపోతూ, విచిత్రంగా, మరింత వేడెక్కి, ఇంకా వేగంగా కుంచించుకుపోతుంది. మీరు ఊహించిన కూలిపోవడానికి చోటున్నది అక్కడే.