గాలిమర ఎలా తయారవుతుందో ల్యాబ్ ఒక్కటే తేల్చదు

"గాలి కరెంటు, సోలార్‌లలో కొత్త టెక్నాలజీ తెచ్చేది సైంటిస్టులు కదా, మధ్యలో ప్రభుత్వ సంస్థలు చేసేదేముంది?" అని ఒకరు అడిగారు. చాలా ఉందండీ. నేను అనంతపురం జిల్లాలో గాలిమరల మెయింటెనెన్స్ చేశాను, అక్కడ చూసింది చెప్తాను.

1990లలో గాలిమర పెట్టిన కంపెనీ దాని ఖరీదంతా మొదటి ఏడాదే తరుగుదల (మెషిన్ పాతబడి విలువ తగ్గడం) కింద చూపించి పన్ను తగ్గించుకునే వీలుండేది. తర్వాత దాన్ని 80 శాతం చేశారు. అంటే యూనిట్లు వచ్చినా రాకపోయినా, పెట్టినవాళ్లకు రావాల్సింది ముందే వచ్చేసేది. నేను చేరిన కొత్తలో ఒక పాత మెషిన్‌కి గేర్‌బాక్స్ పోయింది, సరిగ్గా ఆషాఢం గాలి మొదలయ్యే టైంలో, ఏడాది మొత్తంలో ఎక్కువ కరెంటు వచ్చేది అప్పుడే. ఓనర్ ఆఫీసుకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా "చూద్దాంలే" అన్నారు. పక్కవన్నీ తిరుగుతుంటే అది సీజనంతా అలా నిలబడే ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

2009 డిసెంబర్‌లో కేంద్రం, ఆ పన్ను రాయితీ తీసుకోనివాళ్లకు, గ్రిడ్‌కి ఇచ్చే ప్రతి యూనిట్‌కి 50 పైసలు ఇస్తామంది. ఆ పద్ధతిలో పెట్టిన సైట్‌కి మారాక నాకు రోజూ పొద్దున్నే ఫోన్. నిన్న ఎన్ని యూనిట్లు, మూడో నంబర్ ఎందుకు ఆగింది, స్పేర్ ఎప్పుడొస్తుంది? టెన్షనే, కానీ మెషిన్లు తిరిగాయి.

డెన్మార్క్ వాళ్లు ఇంకో దారి పట్టారు. 1978లో రీసో పరిశోధన కేంద్రంలో గాలిమరల టెస్ట్ స్టేషన్ పెట్టారు, 1979 నుంచి కొన్నవాళ్లకు ఖర్చులో 30 శాతం సబ్సిడీ ఇచ్చారు, కానీ ఆ స్టేషన్ ఓకే చేసిన మోడల్‌కే. దాంతో వ్యవసాయ పనిముట్లు చేసుకునే వెస్టాస్ లాంటి కంపెనీలు కూడా విరిగిన చోటల్లా సరిచేసుకుంటూ చిన్న మెషిన్ల నుంచి మెల్లగా పెద్దవాటికి వెళ్లాయి. అదే సమయంలో జర్మనీ ప్రభుత్వ డబ్బుతో ఒకేసారి 3 మెగావాట్ల గ్రోవియాన్ అనే పెద్ద గాలిమర కట్టింది, 1983లో మొదలుపెడితే మొత్తం 500 గంటలు కూడా నడవలేదు, 1988 కల్లా విప్పేశారు. జర్మన్ ఇంజినీర్లకు తెలివి తక్కువా? కాదు, చిన్నవాటి మీద నేర్చుకుంటూ వెళ్లే ఏర్పాటు అక్కడ లేదు.

మన దగ్గర ఇప్పుడు నాకు బాధగా ఉన్నది ఇదే: మంచి గాలి ఉన్న కొండల మీద ఇంకా ఆనాటి చిన్న మెషిన్లే ఉన్నాయి. వాటిని తీసి పెద్దవి పెట్టుకోవడానికి కేంద్రం 2016లో పాలసీ ఇచ్చింది, 2023లో మార్చింది కూడా. కానీ ఒకే కొండ మీద ఒక్కో టవర్‌కి ఒక్కో ఓనర్, ఒక్కో పాత ఒప్పందం. వాళ్లందర్నీ ఒక చోట కూర్చోబెట్టేవాళ్లు ఎవరు?